రివ్యూ స్కాన్ ముందు గుండె దడ: నేను పాటించే పద్ధతులు

కీమో ఆఖరి సైకిల్ అయిన రోజున చుట్టాలందరూ "హమ్మయ్య, గండం గట్టెక్కింది" అనేసి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. మనకి మాత్రం ఇంకో రకం భయం అక్కణ్ణుంచే మొదలవుతుంది. ట్రీట్‌మెంట్ జరిగినన్నాళ్లూ ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది. సెలైన్ ఎక్కుతోంది, మాత్రలు మింగుతున్నాం, డాక్టరుగారు మూడు వారాలకోసారి చూస్తున్నారు. అవన్నీ ఆగిపోయి "మూడు నెలల తర్వాత రండమ్మా" అన్నాక చేతిలో మిగిలేది ఒక డేటు. అది దగ్గరపడేకొద్దీ అన్నం సహించదు, నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే కసురుకుంటాం.

నాది పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజి. ఆపరేషన్ చేసి పేగు ముక్క తీసేశారు, తర్వాత కీమో ఇచ్చారు. మాది తాడేపల్లిగూడెం, వైద్యం హైదరాబాదులో. నేను బ్లౌజులు కుడతాను, ఫాల్, పీకో చేస్తాను. డాక్టర్ని కాను, కౌన్సెలర్ని కాను. రివ్యూకి వెళ్లినప్పుడల్లా అడిగి తెలుసుకున్నవీ, వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్నవాళ్లు చెప్పినవీ, నాకు పనికొచ్చినవీ రాస్తున్నాను. భయం పోయే ఉపాయం నా దగ్గర లేదు. భయపడే రోజున తీసుకోవాల్సిన నిర్ణయాలు మాత్రం బుర్ర స్థిమితంగా ఉన్న రోజునే తీసేసుకోవచ్చు. కింద రాసినవన్నీ దాదాపు ఆ బాపతువే.

ముందు మీ రివ్యూల లెక్క తెలుసుకోండి

పెద్దపేగు క్యాన్సర్‌కి మామూలుగా మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష (జబ్బు తిరగబెట్టిన జాడ ఉందేమో చూసేది) చేసి, డాక్టరు చూస్తారు. తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి. ఛాతీకి, పొట్టకి, పొత్తికడుపుకి కలిపి తీసే సీటీ స్కాన్ ఆరు నెలలకో ఏడాదికో. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ, ఆపరేషన్ అయిన ఏడాదికి, అది బాగుంటే ఇంకో మూడేళ్లకి, ఆపైన ఐదేళ్లకోసారి. మీ డాక్టరు దీన్ని కొంచెం అటూ ఇటూ మార్చవచ్చు. ఈ క్యాన్సర్ తిరగబెడితే చాలావరకు మొదటి మూడేళ్లలోనే తిరగబెడుతుంది, అందుకే మొదట్లో పరీక్షలు దగ్గర దగ్గరగా ఉంటాయి. డేట్లు దగ్గరగా ఇచ్చారంటే మీ కేసు బాలేదని కాదు, అందరికీ అంతే.

రొమ్ము క్యాన్సర్‌వాళ్ల లెక్క వేరు. వాళ్లకి ఏ ఇబ్బందీ లేకపోతే డాక్టరు చూడటం, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే), అంతే. నాతోపాటు కీమో వార్డులో ఉండే ఒకావిడ "మీకు స్కాన్ తీస్తున్నారు, నాకెందుకు తియ్యరు, డబ్బులేనివాళ్లమనా?" అని తెగ బాధపడేది. కారణం డబ్బు కాదు. పేగు క్యాన్సర్ కాలేయంలోకో ఊపిరితిత్తిలోకో చిన్న మచ్చగా వస్తే, త్వరగా కనబడితే, ఆపరేషన్ చేసి తీసేయగలిగిన కేసులు ఉంటాయి. అందుకోసం వెతుకుతారు. రొమ్ము క్యాన్సర్‌లో ఒంట్లో బాగున్నవాళ్లకి ఒళ్లంతా స్కాన్లు తీసి ముందే పట్టుకున్నంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఈ సంగతి ఆవిడ డాక్టరే విడమరిచి చెప్పాక కానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. మీకూ ఇలాంటి అనుమానం ఉంటే లోపల పెట్టుకుని కుమలకండి, మొహమాటం లేకుండా అడిగేయండి.

ధైర్యం కోసం సొంత డబ్బుతో ఇంకో స్కాన్ చేయించుకోవాలనిపిస్తే ఆగండి. స్కాన్లలో ఎందుకూ పనికిరాని మచ్చలు కూడా బోలెడు కనబడతాయి. ఒక మచ్చ కనబడిందంటే దానికి ఇంకో స్కాను, ఒక్కోసారి సూది వేసి ముక్క తీయడం, అన్నాళ్లూ కొత్త టెన్షన్. బాగుందని వచ్చినా ఆ ధైర్యం ఎంతకాలమో ఉండదు.

స్కాన్‌కి ముందు రెండు వారాలు

చాలామందికి ఇబ్బంది ఇక్కడే. స్కాన్ రోజుకంటే ఈ రెండు వారాలే కష్టం. నడుం నొప్పొస్తే ఎముకలకి పాకిందనిపిస్తుంది, తలనొప్పొస్తే మెదడుకెక్కిందనిపిస్తుంది. పొద్దస్తమానం మిషన్ మీద వంగి కూర్చునేదానికి నడుం నొప్పి రాక ఇంకేమొస్తుంది? మామూలు రోజుల్లో ఆ మాట నాకు నేనే చెప్పుకుంటాను. డేటు దగ్గర పడితే మాత్రం చెప్పుకున్నా నమ్మకం కుదరదు.

అందుకని కాగితం మీద పెట్టాలి. నా కొలతల పుస్తకంలో వెనకవైపు నుంచి కొన్ని పేజీలు దీనికే. తారీఖు, ఎక్కడ నొప్పి, పదికి ఎన్ని మార్కులు, ఆ రోజు ఏం పని చేశాను. "ఎడమ నడుం, 4, లెహంగా కుట్టాను." అంతే. మా డాక్టరుగారు చెప్పిన లెక్క ఏమిటంటే, కొత్తగా వచ్చిన బాధ ఏదైనా రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, రోజురోజుకీ పెరుగుతున్నా ఫోన్ చేయాలి, రివ్యూ డేటు దాకా ఆగనక్కర్లేదు. వచ్చి పోయేవాటిని పుస్తకంలోనే వదిలేయవచ్చు. విరేచనంలో రక్తం పడినా, నల్లగా వచ్చినా, పొట్ట ఉబ్బి వాంతులై గ్యాస్ కూడా పోకపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం రెండు వారాల లెక్క లేదు, వెంటనే వెళ్లిపోవాలి. ఇలా ఒక గీత గీసి ఉంచుకుంటే, ఏ నొప్పికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అని రాత్రిపూట మనతో మనం వాదించుకునే పని తప్పుతుంది.

మందుల తాలూకు బాధల్ని విడిగా గుర్తుపెట్టుకోండి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించినవాళ్లలో చాలామందికి వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, తిమ్మిర్లెక్కుతాయి. కీమో అయిపోయాక కూడా కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి కొంత అలాగే ఉండిపోతుంది. నాకు సూది పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు. హెమ్మింగ్ మధ్యలో జారి ఒళ్లో పడితే, దారం కదలడం లేదేమిటా అని చూసుకుంటే కానీ తెలిసేది కాదు. మందు ఆపేశాక పెరిగిందంటే ఎవరికైనా గుండె జారిపోతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు మిగిల్చిన బాకీ. కీమో ముగిసేటప్పుడే "ఏవేవి మిగులుతాయి, ఎన్నాళ్లు ఉంటాయి" అని అడిగి రాయించుకుంటే ఇలాంటివాటికి కంగారు పడక్కర్లేదు.

ఇక ఆలోచనలు. "ఆలోచించకు" అంటే ఆగవు. నాకు పనిచేసిందేమిటంటే వాటికి ఒక టైము ఇవ్వడం. సాయంత్రం షాపు షట్టర్ దించే ముందు ఇరవై నిమిషాలు. కూర్చుని "ఒకవేళ" అని మొదలుపెట్టి ఏమొస్తే అది రాస్తాను. "ఒకవేళ మళ్లీ కీమో అంటే షాపెవరు చూస్తారు?" దీనికి జవాబుంది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల ఫాల్, పీకో చూసుకోగలదు, కటింగ్ పనులు ఇంకో టైలర్‌కి పంపవచ్చు. పక్కన అది రాసేస్తాను. "ఒకవేళ అమ్మాయి పెళ్లి చూడకుండానే పోతే?" దీనికి జవాబు లేదు. పక్కన ఏమీ రాయను. కన్నీళ్లొస్తే రానిస్తాను. టైమవగానే పుస్తకం మూసి షట్టర్ దించుతాను. మధ్యాహ్నం అదే ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అనుకుంటాను. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. కొన్నాళ్లకి అలవాటై రోజులో మిగతా భాగం కొంచెం ఖాళీ అవుతుంది. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

రాత్రి మెలకువొస్తే మంచం మీద దొర్లకండి. లేచి ఇంకో గదిలో కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అసలు కిటుకు అదే. గుండె దడ తగ్గడం ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఫోను చేతికందేచోట ఉంచుకోవద్దు. నెట్‌లో కనబడే "ఐదేళ్లు బతికేవారి శాతం" లెక్కలు కొన్నేళ్ల కిందట వైద్యం చేయించుకున్న వేలమంది మీద కట్టినవి. అందులో మీ వయసు, మీ ఆపరేషన్, మీ మందులు ఏవీ లేవు. అర్ధరాత్రి ఆ అంకె చూసి చేయగలిగే పని కూడా ఏమీ లేదు.

పని మానేసి ఇంట్లో కూర్చోమని నేను చెప్పను, పని రకం మార్చుకోమంటాను. ఆ వారంలో నేను పట్టుబట్ట మీద కత్తెర పెట్టను. పెళ్లి బ్లౌజులన్నీ ముందే కట్ చేసేసి, హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ మాత్రం ఆ వారానికి అట్టేపెడతాను. చేతులకి పని ఉంటుంది, బుర్ర ఎక్కడికి పోయినా బట్ట పాడవదు. మీది ఆఫీసు ఉద్యోగమైతే లెక్కలు సరిచూసేవి ముందుకో వెనక్కో జరిపి, ఫైళ్లు సర్దుకునేలాంటివి ఆ వారానికి పెట్టుకోండి.

ఎవరికి చెప్పాలి, రిపోర్ట్ ఎవరు తెరవాలి

స్కాన్ డేటు ఊరందరికీ తెలిస్తే ఆ రోజు సాయంత్రానికి "రిపోర్ట్ వచ్చిందా?" అని ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లది అభిమానమే, కాదనను. ఒక్కో ఫోనుకి మనం మళ్లీ మొదట్నుంచి భయపడాలి, అదీ బాధ. మా ఇంట్లో డేటు మా ఆయనకి, అమ్మాయికి, మా వదినకి మాత్రమే తెలుస్తుంది. మిగతా చుట్టాలందరికీ చెప్పే బాధ్యత వదినది. "రిపోర్ట్ వస్తే మా వదిన చెప్తుంది పిన్నీ" అన్న ఒక్క మాటతో ఫోను పెట్టేయవచ్చు. కస్టమర్లకి "హైదరాబాద్ అమ్మాయి దగ్గరికెళ్తున్నా" అని చెప్తాను. అబద్ధమేమీ కాదు, అది మియాపూర్‌లోనే ఉంటుంది.

"నీకేం కాదులే", "పాజిటివ్‌గా ఆలోచించు" అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఓపిక ఉంటే "కాసేపు ఇంకేదైనా మాట్లాడదాం" అనండి. పాజిటివ్‌గా ఆలోచించకపోతే జబ్బు తిరగబెడుతుందన్న మాట మాత్రం మనసులోకి రానివ్వకండి. భయపడినందువల్ల క్యాన్సర్ రాదు, ధైర్యంగా ఉన్నందువల్ల ఆగదు. ఈ మాట మా డాక్టరుగారి నోట విన్నాక నాకు సగం బరువు దిగింది.

అమావాస్య, అష్టమి, ఆషాఢం అని డేటు మార్చమనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మొక్కులు నేనూ మొక్కుతాను, మాకు చిన్న తిరుపతి దగ్గరే. రిపోర్ట్ ఎలా వచ్చినా వెళ్లొస్తానని మొక్కుకుంటాను, షరతు పెట్టను. తిథి కోసం స్కాన్ వాయిదా వేయడానికి మాత్రం ఒప్పుకోను. ఒకసారి జరిపితే అపాయింట్‌మెంట్ మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో తెలియదు, ఆ ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు చాలా సెంటర్లు రిపోర్ట్‌ని లింకుగా ఫోన్‌కి పంపేస్తున్నాయి. డాక్టరుగారిని కలవడానికి ఒకటి రెండు రోజుల ముందే, ఒక్కోసారి రాత్రిపూట వచ్చి కూర్చుంటుంది. తెరవాలా వద్దా? ఇందులో ఒప్పు తప్పు లేదు. కొందరికి చూడకుండా ఉండటమే నరకం, కొందరికి చూసి అర్థంకాక కొట్టుకోవడం నరకం. మీరెవరో స్కాన్‌కి ముందే తేల్చుకోండి. నేను సెంటర్‌లో మా అమ్మాయి నంబరు ఇస్తాను. అది చదువుతుంది, నాకు చెప్పదు, నేను అడగను. అది మొహం దాచుకోలేకపోయినా ఏమీ అడగకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. రిపోర్ట్‌కీ డాక్టరు అపాయింట్‌మెంట్‌కీ మధ్య వీలైనంత తక్కువ ఖాళీ ఉండేలా రెండు డేట్లూ ఒకేసారి బుక్ చేయించుకోండి. శుక్రవారం స్కాన్ వద్దు, శని ఆదివారాలు అలా వేలాడాలి.

స్కాన్ రోజు

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను. మెషీన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం హడలు తగ్గుతుంది.

సీటీకి ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష అడుగుతారు, రంగు మందు, అంటే కాంట్రాస్ట్, ఇవ్వాలంటే కిడ్నీలు బాగున్నాయో లేదో చూసుకోవాలి కాబట్టి. ఆ రిపోర్ట్ లేక వెనక్కి పంపేస్తే మళ్లీ మొదటికొస్తుంది, అందుకే ఊరి నుంచి చేయించుకునే వెళ్లండి, ఎన్ని రోజుల లోపుది కావాలో మాత్రం ఫోన్ చేసి కనుక్కోండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. కిడ్నీ పనితీరు తక్కువగా ఉంటే స్కాన్ తర్వాత రెండు రోజులు ఆపమంటారు. ఉబ్బసం ఉన్నా, ఇంతకుముందు కాంట్రాస్ట్‌కి దద్దుర్లు వచ్చినా అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. ఎన్ని గంటలు తినకూడదన్నది సెంటర్‌ని బట్టి మారుతుంది, అది కాగితం మీద రాయించుకోండి. పాత స్కాన్ల సీడీలు, ఫిల్ములు, రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లాలి. పాతదానితో పోల్చి చూస్తేనే ఒక మచ్చ కొత్తదో పాతదో తెలిసేది.

కీమో అయినవాళ్లకి నరం దొరకదు. నాలుగుసార్లు పొడిచేసరికి స్కాన్‌కి ముందే ఏడుపొస్తుంది. ముందురోజు నీళ్లు బాగా తాగండి. సెంటర్‌లో చేతిని కాసేపు వెచ్చగా ఉంచుకుని కిందికి వేలాడదీయండి. "కీమో పేషెంట్‌ని, సీనియర్ సిస్టర్‌ని పిలవండమ్మా" అని మర్యాదగానే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసినవాళ్లు ఆ వైపు చేతికి సూది వద్దని ముందే చెప్పాలి.

బట్టల విషయం నా వృత్తి కాబట్టి చెప్పనివ్వండి. ఛాతీ, పొట్ట స్కాన్‌కి లోహం ఏదీ అడ్డం ఉండకూడదు. చాలాచోట్ల గౌను ఇస్తారు. అయినా నేను హుక్కులు, ప్రెస్ బటన్లు లేకుండా ముడివేసుకునే తాళ్లతో ఒక బ్లౌజు కుట్టుకుని స్కాన్ రోజులకని ఉంచుకున్నాను. జరీ అంచు చీర కట్టుకెళ్లకండి. మంగళసూత్రం తీయమంటే అక్కడే కూలబడి ఏడ్చేసిన పెద్దావిణ్ణి చూశాను, ఆవిడకి అది స్కాన్‌కంటే పెద్ద గండంలా అయిపోయింది. ముందురోజు సాయంత్రమే ఇంట్లో దీపం దగ్గర పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేసుకుని, సూత్రాలు బీరువాలో పెట్టేసి వెళితే ఆ ఇబ్బంది ఉండదు. తాడుకి పిన్నీసులు తగిలించుకునే అలవాటు మనలో సగంమందికి ఉంటుంది, అవి కూడా తీసేయండి.

సీటీలో బల్ల మీద పడుకోబెట్టి చేతులు తలపైకి పెట్టమంటారు. మెషీన్‌లోంచి ఊపిరి బిగబట్టమని గొంతు వినిపిస్తుంది. అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే ఏం చేయాలో ముందే తెలుగులో చెప్పమనండి. రంగు మందు ఎక్కేటప్పుడు గొంతు దగ్గర మొదలై పొట్టలోకి వెచ్చగా దిగుతుంది, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి వస్తుంది, కింద పాస్ పోసుకున్నట్టే అనిపిస్తుంది. నిజంగా పోయరు. అర నిమిషంలో తగ్గిపోతుంది. తెలియనివాళ్లు అక్కడే బెదిరిపోతారు. దురదగానో, గొంతు పట్టేసినట్టో, ఊపిరి అందనట్టో ఉంటే మాత్రం వెంటనే పిలవండి.

టెక్నీషియన్ మొహం చదవకండి. ఆ అబ్బాయి ముభావంగా ఉంటే పొద్దున్న టిఫిన్ తినలేదేమో. మళ్లీ ఒకసారి పడుకోమన్నా కంగారు వద్దు, కదిలినందుకో, మందు పూర్తిగా పాకినాక తీయాల్సిన ఫోటోల కోసమో అయి ఉంటుంది. "ఏమైనా ఉందా బాబూ?" అని అడిగినా వాళ్లు చెప్పకూడదు. చూసి చెప్పాల్సింది రేడియాలజిస్టు.

పెట్ స్కాన్ అయితే పద్ధతి వేరు. ముందురోజు బరువు పనులు, వ్యాయామం వద్దంటారు. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, షుగర్ చూస్తారు, మరీ ఎక్కువుంటే ఆ రోజు తీయరు. గ్లూకోజులాంటి మందుకి రేడియోధార్మికత కలిపి ఎక్కించి దాదాపు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెడతారు. కదిలిన కండరం ఆ గ్లూకోజుని పీల్చేసుకుని స్కాన్‌లో వెలుగుతుంది, అందుకు. కాబట్టి అక్కడ అల్లికలు, కుట్లు కుదరవు, నామం చెప్పుకున్నా మనసులోనే. చల్లగా ఉంటుంది, దుప్పటి అడగండి. ఆ మందు బలం రెండు గంటలలోపే సగానికి పడిపోతుంది. అయినా ఆ కొన్ని గంటలు గర్భిణులకి, చంటిపిల్లలకి దూరంగా ఉండమంటారు. పెట్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. ఇన్‌ఫెక్షన్, మానుతున్న గాయం, ఈమధ్య వేయించుకున్న టీకా వైపు చంక గ్రంథులు కూడా వెలుగుతాయి. అవన్నీ ముందే చెప్పి ఫారంలో రాయించండి.

ఎమ్మారై చప్పుడుకి, ఇరుకుకి భయపడేవాళ్లు చేతిలో ఇచ్చే బజర్‌ని ఒకసారి నొక్కి చూసుకోండి. లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకుంటే మేలు. మరీ భయమైతే డాక్టరుని ముందే అడిగి మాత్ర రాయించుకోవాలి, తోడు మనిషి ఉండాలి. ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్ర మాత్రం వేసుకోవద్దు.

రిపోర్ట్‌లో మాటలు

మీరు రిపోర్ట్ చదివే రకమైతే ముందు చివర "ఇంప్రెషన్" అని ఉన్నచోట చూడండి. పైన ఉన్నదంతా ఒక్కో అవయవం గురించి వరసగా రాసుకుంటూ పోయేది. "నాన్ స్పెసిఫిక్" అంటే ఇది ఫలానా అని చెప్పలేనిది, చాలాసార్లు ఏమీ కానిది. "సబ్ సెంటీమెట్రిక్ నోడ్" అంటే సెంటీమీటరు కంటే చిన్న గ్రంథి. అలాంటివి ఆరోగ్యవంతులకీ ఉంటాయి. "కాల్సిఫైడ్ గ్రాన్యులోమా" అంటే ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్‌ఫెక్షన్ మచ్చ. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఇది చాలామంది ఊపిరితిత్తుల్లో కనబడుతుంది. కాలేయంలో, కిడ్నీలో "సింపుల్ సిస్ట్" అంటే నీటి తిత్తి. "క్లినికల్ కోరిలేషన్" అంటే మనిషిని చూసి, పరీక్షించి డాక్టరు నిర్ణయించాలి అని. భయపెట్టే మాట కాదు. వీటిలో దేనికి ఏం చేయాలన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

సీఈఏ అంకె 1.8 నుంచి 2.4కి వెళ్లిందని అన్నం మానేసినవాళ్లు ఉన్నారు. సాధారణ పరిధిలో అది కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. పొగతాగేవాళ్లకి ఎక్కువ ఉంటుంది, కాలేయం జబ్బుల్లోనూ పెరుగుతుంది. ల్యాబ్ మారితే పరీక్ష చేసే పద్ధతి మారి అంకె కూడా మారవచ్చు, అందుకే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. డాక్టర్లు చూసేది వరసగా పెరుగుతూ పోతోందా అని.

డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లవద్దు. భయంలో సగం మాటలు చెవికెక్కవు. నా కాగితం మీద ఎప్పుడూ ఉండే ప్రశ్నలు ఇవే: పోయినసారికీ ఇప్పటికీ ఏమైనా మారిందా? ఏదైనా మచ్చ ఉంటే దాన్ని వదిలేస్తామా, మళ్లీ చూస్తామా? తర్వాత పరీక్ష ఏది, ఎప్పుడు? అమ్మాయి రాసుకుంటుంది.

ఆ తర్వాత

బాగుందని వచ్చినా ఆనందం రాకపోవచ్చు. నీరసం, చిరాకు, ఏడుపు, రెండు రోజులు మొద్దునిద్ర, ఇవన్నీ మామూలే. బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులవుతుంది మరి. మనతో ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లలో ఒకరికి బాగాలేదని తెలిస్తే సంతోషపడటానికే సిగ్గేస్తుంది, అది కూడా మామూలే.

"మూడు నెలలాగి మళ్లీ తీద్దాం" అన్న జవాబే అన్నిటికంటే మింగుడుపడనిది. అలాంటప్పుడు "ఆగినందువల్ల నష్టముందా?" అని నేరుగా అడగండి. చిన్న మచ్చ పెరుగుతుందా లేదా అని చూడటమే ఒక్కోసారి సరైన పరీక్ష. కావాలంటే సీడీ తీసుకుని ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు, దానికి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

బాగాలేదని వస్తే ఆ రోజే అన్నీ తేల్చేయాలని కూర్చోకండి. తర్వాత చేయాల్సిన పరీక్ష ఏది, ఎప్పుడు రావాలి అన్నంతవరకు రాసుకుని ఇంటికి రండి. జబ్బుని స్కాన్ తీసుకురాలేదు, చూపించింది అంతే. చూడకపోతే అది అక్కడ లేకుండా పోదు.

భయంతో స్కాన్‌కే వెళ్లకుండా డేట్లు దాటేస్తున్నా, రెండు వారాలకి మించి నిద్ర, తిండి లేకపోయినా, గుండె పట్టేసి చచ్చిపోతున్నట్టు అనిపించడం పదేపదే వస్తున్నా ఊపిరి లెక్కలు, పుస్తకాలు చాలవు. మీ క్యాన్సర్ డాక్టరుకే చెప్పండి, సైకియాట్రిస్టుకి రాస్తారు. పిచ్చివాళ్లు వెళ్లేచోటన్న మాట పక్కన పెట్టండి. మానసిక ఇబ్బందులకి ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకడం అనవసరం అన్న ఆలోచన వస్తే ఆ రాత్రే చేయండి, ఇంట్లో ఒకరిని లేపండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. మీకూ భయమే, తెలుసు. మా ఆయన స్కాన్ వారంలో ఎప్పుడూ లేనిది మోటారు సైకిల్ రోజూ తుడుస్తారు. ధైర్యం చెప్పక్కర్లేదు. ఫైలు సర్దడం, టికెట్లు తీయడం, క్యూలో నిలబడటం, ఏదో ఒక పని తీసుకోండి, అడగకుండా.

టికెట్లంటే గుర్తొచ్చింది. క్యాన్సర్ పేషెంట్లకి రైల్లో రాయితీ చెకప్‌లకి వెళ్లేటప్పుడు కూడా వర్తిస్తుంది, ట్రీట్‌మెంట్ అప్పుడే అనుకుని చాలామంది వదిలేస్తున్నారు. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంట్‌కి ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవాళ్లకి ముప్పావు వంతు తగ్గింపు. రైల్వేవారి ఫారం మీద హాస్పిటల్ డాక్టరు సంతకం, సీలు వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. రివ్యూ అయిపోయి బయటికొచ్చే ముందే తర్వాతిసారికి ఎలా వేయించుకోవాలో కనుక్కోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాదులో దిగవచ్చు. కింది బెర్తు అడగడం మర్చిపోకండి, ఆపరేషన్ అయిన పొట్టతో పైకెక్కలేరు.